పాత కారు కొంటున్నారా? ముందు ఎయిర్‌బ్యాగ్ రీకాల్ చూడండి

అమెరికాలో దిగిన కొత్తలో మనవాళ్లు ఎక్కువగా కొనేది పాత సివిక్, అకార్డ్, కరోలా. టైర్లు చూస్తారు, ఇంజిన్ చప్పుడు వింటారు, బేరం గట్టిగా ఆడతారు, రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) సంగతి మాత్రం అడగరు. టకాటా అనే జపాన్ కంపెనీ తన ఎయిర్‌బ్యాగుల్లో సంచి ఉబ్బడానికి అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి ఆ రసాయనం పాడైతే, బండి గుద్దుకున్నప్పుడు అది ఉన్న లోహపు డబ్బానే పేలిపోయి ముక్కలు ముఖానికీ మెడకీ వచ్చి తగులుతాయి. చిన్న యాక్సిడెంట్లలోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులు రీకాల్ అయ్యాయి, ఫ్లోరిడా, టెక్సస్ తీరం లాంటి ఉక్కపోత చోట్ల తిరిగిన బండ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో బయటికి కనపడేలా 17 అంకెలూ అక్షరాలూ కలిసిన విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఉంటుంది, తలుపు తీస్తే పక్క స్టిక్కర్ మీదా ఉంటుంది. విన్‌లో ఐ, ఓ, క్యూ వాడరు, కాబట్టి గుండ్రంగా ఉన్నది సున్నాయే అనుకోండి. ఫొటో తీసుకుని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టండి. బేరం కుదరకముందే చూడండి, ఎందుకంటే రీకాల్ పని చేయించని పాత కారు అమ్మకూడదని అక్కడ కేంద్ర చట్టమేమీ లేదు, డీలర్ అయినా సరే.

రీకాల్ ఉందని వస్తే ఆ బ్రాండ్ డీలర్ ఎవరికైనా ఫోన్ చేయండి. బండి ఎక్కడ కొన్నారు, మీరు ఎన్నో ఓనరు అన్నదాంతో పని లేదు, పైసా తీసుకోరు. డ్రైవర్ వైపు, ప్యాసింజర్ వైపు వేర్వేరు రీకాల్స్ కావచ్చు, అందుకే "ఎయిర్‌బ్యాగ్ మార్చేశాం బ్రో" అని అమ్మేవాడు అంటే ఏ వైపుదో అడగండి, పేపరు చూపించమనండి. 2001–2003 నాటి కొన్ని హోండా, ఆక్యురా మోడళ్లకైతే అసలు నడపొద్దనే హెచ్చరిక ఉంది. గుద్దుకుంటే పేలే అవకాశం 50 శాతం దాకా ఉందని తేలింది. అలాంటి బండిని డీలర్ దాకా నడుపుకుంటూ పోకండి, టో పంపమని అడగండి.

విన్ చెప్పలేని విషయం ఒకటుంది. యాక్సిడెంట్ అయిన కారుకి జంక్‌యార్డ్‌లో దొరికిన ఎయిర్‌బ్యాగ్ బిగిస్తే సైట్‌లో ఏమీ కనపడదు. సాల్వేజ్ టైటిల్ (బాగా దెబ్బతిన్న బండి అని కాగితాల్లో ముద్ర) ఉన్న బండి ఎంత చవగ్గా వచ్చినా నేనైతే ముట్టుకోను.

కొన్నాక కంపెనీ సైట్‌లో మీ అడ్రస్ మార్పించండి, లేకపోతే రీకాల్ ఉత్తరాలు పాత ఓనర్ ఇంటికే పోతుంటాయి.

మన దగ్గరా ఇదే గొడవ. 2012 నాటి సిటీ, జాజ్ లాంటివి హోండా ఇండియా కూడా వెనక్కి పిలిచింది. ఊళ్లో నాన్న పాత సిటీ నడుపుతుంటే ఆర్‌సీ మీది ఛాసిస్ నంబర్ వాట్సాప్‌లో పెట్టమని, కంపెనీ సైట్‌లో మీరే కొట్టి చూడండి.