బ్యాండ్ చెప్పే క్యాలరీలు, కాటా చెప్పే క్యాలరీలు

మొదట ఒక కూడిక చూపిస్తాను. నడక, గుండె వేగం కొలవడానికి చేతికి పెట్టుకునే నా ఫిట్‌నెస్ బ్యాండ్‌తో వచ్చిన యాప్ నాకు రోజుకి 1,640 క్యాలరీల లక్ష్యం పెట్టింది. సాయంత్రం గోదావరి గట్టు మీద నడిచి ఇంటికి రాగానే, 290 ఖర్చయ్యాయి కాబట్టి అంత అదనంగా తినవచ్చని చూపించేది. నేను తినేదాన్ని. 1,640కి 290 కలిపితే 1,930. నా శరీరం రోజంతా ఖర్చు చేసేది 1,920 అని నాకు తర్వాత తెలిసింది. అందుకే రెండు నెలలు నడిచినా బరువు పావు కిలో కూడా తగ్గలేదు.

రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. వయసు 42, ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 74 కిలోలు. బరువు కదలడం లేదన్న టెన్షన్‌తో యాప్‌లో "వారానికి ఒక కిలో" అని ఎంచుకున్నాను. అది వెంటనే లక్ష్యాన్ని 1,200కి దించేసింది. ఎనిమిదో రోజు మూడో పీరియడ్‌లో బోర్డు ముందు కళ్లు తిరిగి కుర్చీ పట్టుకున్నాను. ఆ సాయంత్రం నుంచి యాప్ ఇచ్చిన లక్ష్యాన్ని పక్కన పెట్టి, నా లెక్క నేనే వేసుకున్నాను. అది ఎలాగో చెబుతాను.

ముందు బ్యాండ్ సెట్టింగ్స్ తెరవండి. చాలా ఇళ్లలో పిల్లలే ఫోన్‌కి కలిపి పెడతారు, వయసూ బరువూ ఉజ్జాయింపుగా కొట్టేస్తారు. మా ఇంట్లోనూ అంతే జరిగింది. అసలు బరువు, ఎత్తు, పుట్టిన తేదీ సరిగ్గా ఇవ్వండి. ఎక్కువ పని చేయని చేతికి పెట్టుకోండి, ఏ చేతికి పెట్టుకున్నారో సెట్టింగ్‌లో కూడా చెప్పండి. నేను కుడిచేత్తో బోర్డు మీద రాస్తాను, కూర కలుపుతాను. కుడిచేతికి పెట్టుకుంటే అవన్నీ అడుగులుగా పడేవి. మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, జారకుండా ఉండాలి. అడుగున వెలిగే పచ్చ లైటు చర్మానికి ఆనకపోతే గుండె వేగం తప్పుగా వస్తుంది, దాని మీద కట్టిన క్యాలరీ లెక్కా తప్పుతుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. ఏ పనీ చేయకుండా పడుకున్నా శరీరానికి కావలసిన క్యాలరీలు ఎన్నో చెప్పే సూత్రం ఒకటి 1990 నుంచి వాడుకలో ఉంది. బరువు కిలోలను 10తో, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి కలపండి. అందులోంచి వయసుకి 5 రెట్లు తీసేయండి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. నాకు 740, 987.5 కలిపి, 210, 161 తీసేస్తే 1,356 వచ్చింది. 1,200 తింటే కళ్లు ఎందుకు తిరిగాయో అప్పుడు అర్థమైంది. లక్ష్యం ఎప్పుడూ ఈ అంకె కన్నా కిందికి వెళ్లకుండా చూసుకోండి.

నా బ్యాండ్ రోజు మొత్తానికి సగటున 2,240 ఖర్చు చూపిస్తోంది. దీన్ని ఎంతవరకు నమ్మాలి? 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు రకాల పరికరాలను పరీక్షించారు. వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. క్యాలరీల దగ్గర మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. పరికరాలు అప్పటికన్నా మారాయి. అయినా మణికట్టు దగ్గర నాడి చూసి ఒంట్లో ఖర్చును ఊహించాల్సిందే కదా. అందుకని బ్యాండ్ తప్పు ఎంతో మన ఒంటితోనే కొలుచుకోవాలి. దీనికి నాలుగు వారాలు పడుతుంది.

ఆ నాలుగు వారాలూ మామూలుగా తినండి, తిన్నది రాయండి. అసలు కష్టం ఇక్కడే ఉంది. యాప్‌లో "అన్నం, ఒక కప్పు" అని కొడితే ఎవరి కప్పు? చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో మనం తినే 528 పదార్థాల వివరాలున్నాయి. అవి ఎక్కువగా పచ్చి సరుకుకి ఇచ్చిన విలువలు. క్యాలరీలు కాకుండా కిలోజౌల్స్ ఉంటాయి, 4.18తో భాగిస్తే సరిపోతుంది. 100 గ్రాముల పాలిష్ బియ్యానికి సుమారు 356 క్యాలరీలు. మా ఇంట్లో పూటకి 600 గ్రాముల బియ్యం వండితే అన్నం 1,650 గ్రాములు అయింది, అంటే 100 గ్రాముల అన్నానికి 130. నా కంచంలో పడే అన్నం తూస్తే 320 గ్రాములు. నేను 200 అనుకుంటున్నాను అప్పటిదాకా! మీరు ఎసరు ఎక్కువ పోస్తే అన్నం బరువు మారుతుంది, కాబట్టి మీ గిన్నెకి మీరే ఒకసారి తూచుకోండి.

నూనె లెక్క పట్టుకోవడం ఇంకా కష్టం. పోపులో వేసింది ఎవరి కంచంలోకి ఎంత వచ్చిందో ఎవరు చెప్పగలరు? నేను నెల సరుకుల నుంచి లెక్క తీశాను. మేం నలుగురం, నెలకి నాలుగు లీటర్ల ప్యాకెట్లు. లీటరు నూనె 910 గ్రాములు. 3,640ని నలుగురికీ 30 రోజులకీ పంచితే మనిషికి రోజుకి 30 గ్రాములు. గ్రాముకి 9 చొప్పున 270 క్యాలరీలు. ఆ అంకెను రోజూ "నూనె" అని రాసేసి, నెయ్యి మాత్రం చెంచాతో కొలిచి వేరే రాసేదాన్ని. ఈ లెక్క చెప్పాక మా అత్తయ్య "అయితే వేపుళ్లు వారానికి రెండు చాలు తల్లీ" అని తనే తగ్గించారు. కాఫీని మర్చిపోవద్దు. చిక్కటి పాలు, చెంచాన్నర పంచదారతో నా కప్పు సుమారు 100. రోజుకి మూడు తాగేదాన్ని.

బరువు రోజూ పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూడండి. ఒక్కరోజు అంకెకి విలువ లేదు. ఆవకాయ అన్నం తిన్న మర్నాడు, నెలసరి ముందు, ఒంట్లో నీరు నిలిచి కిలో పెరగవచ్చు. ఏడు రోజుల సగటే రాసుకోండి.

నా సగటు మొదటి వారంలో 74.0, నాలుగో వారంలో 73.4. రాయడం మొదలుపెట్టగానే సాయంత్రం చిరుతిండి కాస్త తగ్గింది, అందుకే ఆ 600 గ్రాములు. కిలో కొవ్వుకి సుమారు 7,700 క్యాలరీలు. 0.6ని 7,700తో గుణిస్తే 4,620. ఆ రెండు వారాల మధ్య దూరం 21 రోజులు, కాబట్టి రోజుకి 220. నేను సగటున తిన్నది 1,700. కలిపితే 1,920, ఇదీ నా అసలు ఖర్చు. 1,920ని బ్యాండ్ చెప్పిన 2,240తో భాగిస్తే 0.86. ఇక బ్యాండ్ ఏ వారం ఎంత సగటు చూపించినా 0.86తో గుణిస్తాను. మీ సంఖ్య వేరుగా ఉంటుంది, నాది తీసుకోకండి.

1,920లోంచి 400 తీసి, లక్ష్యం 1,500 దగ్గర పెట్టుకున్నాను. నెలకి కిలోన్నర తగ్గే వేగం ఇది. ఇంతకన్నా తొందరపడితే ఆకలి ఆపుకోలేం.

నడక క్యాలరీలు తిరిగి కలపకండి. రోజు మొత్తం ఖర్చులో అవి ముందే ఉన్నాయి. యాప్‌లో "వ్యాయామం క్యాలరీలు కలుపు" అన్న మీట ఉంటే ఆపేయండి. నడకకి అదనంగా అయ్యే ఖర్చు కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు అర క్యాలరీ. 74 కిలోల మనిషి మూడున్నర కిలోమీటర్లు నడిస్తే 130. బ్యాండ్ నాకు 290 అని చెప్పింది దీనికే. నడక మానమని కాదు, నేను ఒక్క రోజూ మానలేదు. దాని పేరు చెప్పి అదనంగా తినడమే మానేశాను.

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టర్‌ని తప్పనిసరిగా అడగండి, షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కల జోలికి వెళ్లవద్దు.

ఐదు నెలల్లో 68 కిలోలకి వచ్చాను. ఒళ్లు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. అదే సూత్రంలో ఇప్పుడు నాకు 1,296 వస్తోంది, ముందుకన్నా 60 తక్కువ. యాప్‌లో బరువు మార్చాను. గత ఆదివారం నుంచి మళ్లీ నాలుగు వారాల పుస్తకం తెరిచాను.