ఉత్తర అలాస్కా బడిలో ఒక వారం: నీడలతో, ఇరవైల లెక్కతో పాఠాలు

అలాస్కా ఉత్తర తీరంలోని ఉట్కియాగ్విక్‌లో నవంబరు మూడో వారంలో అస్తమించిన సూర్యుడు జనవరి నాలుగో వారం దాకా మళ్లీ కనిపించడు. ఆ తరువాత వెలుగు ఎంత త్వరగా తిరిగి వస్తుందంటే, ఫిబ్రవరి మధ్యనాటికి పగలు రోజుకు పది నిమిషాలకు పైగా పెరుగుతూ ఉంటుంది. చిన్న పిల్లలు కూడా స్వయంగా కొలిచి తెలుసుకోగలిగేంత వేగంగా మారే ఈ రోజుల్లో, చెట్లే మొలవని ఆ నేల మీద రాలే ఆకుల బొమ్మలకు రంగులు వేయించడం కంటే కిటికీ బయట జరుగుతున్నదాన్నే పాఠంగా తీసుకోవడం మేలు. ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలను కూర్చోబెట్టుకుని చెప్పే ఉపాధ్యాయులను దృష్టిలో ఉంచుకుని ఈ వారం ప్రణాళికను రాస్తున్నాను.

సోమవారం నీడను కొలవడంతో మొదలుపెట్టండి. గడియారం పన్నెండు కొట్టగానే పిల్లలను బయటికి తీసుకువెళ్లకండి. అక్కడి అధికారిక సమయానికీ సూర్యుని స్థానానికీ మధ్య చాలా తేడా ఉన్నందువల్ల, ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు ఆకాశంలో అత్యంత ఎత్తుకు చేరేది మధ్యాహ్నం 1:40 ప్రాంతంలో. అప్పటికి కూడా దిగంతానికి ఆరు డిగ్రీల పైన మాత్రమే ఉంటాడు కనుక మీటరు కర్ర నీడ తొమ్మిది మీటర్లు దాటి సాగుతుంది. 30 సెంటీమీటర్ల స్కేలును నిలబెడితే నీడ 280 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండి పిల్లల చేతికి అందుతుంది. మంచు ఏమాత్రం వాలుగా ఉన్నా కొలత బాగా తప్పుతుంది కాబట్టి, చదును చేసిన మంచు మీద పొడవైన పలకను పరిచి, దాని మీద కొలవండి. నీడ కొస మసకగా కనిపిస్తుంది. గుర్తు ఎక్కడ పెట్టాలో పిల్లలే చర్చించుకుని నిర్ణయించి, వారమంతా ఆ నియమాన్నే పాటించాలి. బయటికి వెళ్లే ముందు ఒక పెద్దవారు చుట్టుపక్కల ధ్రువపు ఎలుగుబంట్లు లేవని చూసి రావడం తప్పనిసరి.

మంగళవారాన్ని పూర్తిగా లెక్కలకు కేటాయించండి, ఎందుకంటే ఈ ప్రాంతం పిల్లలకు ఇవ్వగల అత్యంత విలువైన పాఠం ఇదేనని నా అభిప్రాయం. ఇక్కడి స్థానిక ప్రజల ఇనుపియాక్ భాషలో లెక్క పదుల మీద కాక, చేతుల, కాళ్ల వేళ్లన్నీ కలిసిన ఇరవైల మీద నడుస్తుంది. 1994లో ఇదే తీరంలోని కాక్టోవిక్ గ్రామపు బడి పిల్లలు, తమ భాషలోని లెక్కకు మామూలు అంకెలు అమరడం లేదని గమనించి, సున్నా నుంచి పందొమ్మిది దాకా కొత్త అంకెలను రూపొందించారు. ప్రతి అంకెలోనూ కింది గీతలు ఒకట్లను, పై గీతలు అయిదులను సూచిస్తాయి. ఏడుకు పైన ఒక గీత, కింద రెండు. ఆరుకు పైన ఒకటి, కింద ఒకటి. రెండింటినీ కలిపితే పైన రెండు, కింద మూడు గీతలు వచ్చి, పదమూడు కంటికే కనిపిస్తుంది. అందుచేత కూడికలంటే జంకే పిల్లలకు ముందు ఈ అంకెలతోనే నేర్పండి. పదుల్లోకి మార్చి చూసుకోమని మొదటి రోజే ఒత్తిడి చేయవద్దు.

చిన్న తరగతివారు అగ్గిపుల్లల వంటి పుల్లలతో అంకెలు పేర్చుతారు. పెద్ద తరగతివారు ప్రతి వరుసలో పైన మూడు, కింద నాలుగు పూసలు ఉండేలా తీగలతో చట్రం తయారు చేసుకోవచ్చు. కాక్టోవిక్ పిల్లలు కూడా ఇలాంటిదే చేసుకున్నారు. తరువాత సోమవారం నాటి నీడను ఈ పద్ధతిలో రాయించండి. సరిగ్గా 280 వచ్చిందనుకుంటే, అది పద్నాలుగు ఇరవైలు, ఒక సున్నా. స్థానవిలువను ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ సులభంగా దొరకదు.

బుధవారం ఊరి పెద్దలలో ఒకరిని ఆహ్వానించండి. వసంతకాలపు తిమింగల వేటకు కుటుంబాలు సిద్ధమయ్యే కాలం దగ్గర పడుతుంటుంది కనుక, సీలు అనే సముద్ర జంతువు తోళ్లతో పడవ చట్రానికి పైతొడుగు కుట్టడం గురించో, సముద్రపు మంచును గుర్తుపట్టడం గురించో చెప్పమని కోరవచ్చు. అయితే ఏం చెప్పాలన్నది చివరికి వారి ఇష్టమే. ప్రశ్నల జాబితాతో వారిని తొందరపెట్టకండి, మాటల మధ్య మౌనం వస్తే దాన్ని మీరు పూరించకండి. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులు మరొకటి తెలుసుకోవాలి: అక్కడి పిల్లలు కనుబొమలు పైకెత్తి అవునని, ముక్కు ముడిచి కాదని చెబుతారు. నోరు విప్పని బిడ్డ బదులు చెప్పలేదని అనుకుంటే, అప్పటికే వచ్చిన జవాబును మీరే చూడలేదన్నమాట.

గురువారం ఆటలు. ఒంటికాలి ఎత్తు తన్ను ఆటకు వేలాడదీసిన మెత్తని బంతి చాలు: ఎగిరి ఒక కాలితో బంతిని తన్ని, అదే కాలి మీద దిగాలి. ఎవరి ఎత్తును వారి పాత ఎత్తుతోనే పోల్చండి.

శుక్రవారం అదే సమయానికి, అదే పలక మీద నీడను మళ్లీ కొలిస్తే సుమారు యాభై సెంటీమీటర్లు తగ్గి ఉంటుంది. రెండు కొలతలనూ ఇరవైల అంకెల్లో రాసి, గోడ మీద అంటించి, సాయంత్రం తల్లిదండ్రులను, తాతయ్యలను, అమ్మమ్మలను పిలిచి, పిల్లల చేతనే వివరింపజేయండి.

మంచు తుపాను వస్తే ఈ క్రమమంతా తారుమారవుతుంది కాబట్టి, పూసల చట్రం పనిని, లోపల ఆడే ఆటలను ఏ రోజుకైనా మార్చుకునేలా సిద్ధంగా ఉంచుకోండి. మబ్బుల వల్ల శుక్రవారం నీడ దొరకకపోతే పట్టికలో ఆ గడిని ఖాళీగానే వదిలి, కారణం పక్కన రాయించి, వచ్చే సోమవారం కొలవండి. ఊహించిన సంఖ్యతో ఆ గడిని నింపనివ్వకండి.