తొలకరి పడకముందే జీవాలకు చేయాల్సినవి

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.43 కోట్లు. తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దాదాపు సగం మన దగ్గరే ఉన్నాయి. తెలంగాణలో 2012 నుంచి 2019కి ఇవి సుమారు 48 శాతం పెరిగాయి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో బయటి రాష్ట్రాల నుంచి కూడా తెచ్చారు. మేపడానికి బీళ్లు మాత్రం పెరగలేదు. నాలుగైదు మందలు ఒకే చెరువు కట్ట మీద మేస్తుంటే, ఒకదానికి వచ్చిన రోగం అన్నిటికీ అంటుకుంటుంది. అందుకే ఇప్పుడు వానాకాలం ముందు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది చిటుకు రోగానికి. వేసవంతా ఎండుమేత తిన్న గొర్రెలు తొలకరికి మొలిచిన లేత పచ్చికను ఆబగా మేస్తాయి. అప్పుడు పేగుల్లో మామూలుగానే ఉండే సూక్ష్మజీవి ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. సాయంత్రం కడుపునిండా మేసి వచ్చిన జీవం తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. బాగా బలిసిన పిల్లలే ముందు పోతాయి. వైద్యం చేయించే టైమ్ కూడా ఉండదు. కాబట్టి మే నెలలోనే టీకా వేయించండి. మొదటిసారి వేయించే జీవాలకు రెండు మూడు వారాల తర్వాత రెండో డోసు తప్పనిసరి. చాలామంది దీన్నే వదిలేస్తారు, నష్టపోయేదీ అక్కడే. వానలు పడిన మొదటి రోజుల్లో ఉదయం కాస్త ఎండుగడ్డి వేశాకే మేతకు తోలండి.

పారుడు రోగం (జ్వరంతో విరేచనాలు పట్టే అంటురోగం, పీపీఆర్) టీకా ఒకసారి వేస్తే సుమారు మూడేళ్లు పనిచేస్తుంది. ఆ మధ్యలో పుట్టిన పిల్లలకు, సంతలో కొన్నవాటికి వేయించారో లేదో చూసుకోండి. కొన్నవాటిని కనీసం మూడు వారాలు వేరుగా ఉంచాలి. ఇరుకని, ఖర్చని దీన్ని దాటేయొద్దు.

నట్టల మందు (కడుపులో పురుగులు పోయే మందు) వానలకు ముందు ఒకసారి తాగించాలి. చూడి గొర్రెలుంటే డాక్టరుకు ముందే చెప్పండి, కొన్ని మందులు వాటికి పనికిరావు. నత్తలున్న మడుగుల దగ్గర మేపితే కార్జపు జలగలు (కాలేయంలో చేరే పురుగులు) పడతాయి. కోసిన జొన్న చేలో వానకు లేచిన పిలకల్లోకి మందను వదలొద్దు, నాము తగులుతుంది, అంటే ఆ లేత పిలకల్లోని విషం ఎక్కుతుంది. దొడ్డిలో నీరు నిలిస్తే గిట్టలు కుళ్లుతాయి, దోమల్లాంటి చిన్న ఈగలు పెరిగి నీలి నాలుక రోగాన్ని మోస్తాయి.

రోగం అనుమానం వస్తే పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చేయండి, చచ్చిన జీవాన్ని లోతుగా పూడ్చండి. ఉరుములు మొదలైతే మందను ఒంటరి చెట్టు కిందికి తోలొద్దు, మీరూ అక్కడ నిలబడొద్దు.