బడి కమిటీ ఎన్నికకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విద్యాహక్కు చట్టం, 2009లోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలి. అధ్యక్ష, ఉపాధ్యక్షుల ఎన్నికకు కూర్చునే ముందే ఈ లెక్క సరిచూసుకోవాలి.

ఓటర్ల జాబితాను హాజరు పట్టీతో పోల్చి నోటీసు బోర్డుపై అంటించి, అభ్యంతరాలకు వ్యవధి ఇవ్వాలి. టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లల తల్లిదండ్రుల పేర్లు అందులో మిగిలిపోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

వాట్సాప్ సందేశంతో సరిపెట్టకుండా పిల్లల చేతికి నోటీసు ఇచ్చి పంపి, సంతకమో వేలిముద్రో తెప్పించుకోవాలి. కూలికి వెళ్లేవారికి వీలుకాని వేళ పెట్టిన సమావేశం, నిబంధనల ప్రకారం సరైనదే అయినా, న్యాయమైనది కాదు.

పోటీ ఉన్నప్పుడు చేతులెత్తించడం కంటే చీటీలే మేలు. ఎందుకంటే ఊరి పెద్ద ఎదుటి వరుసలో కూర్చుని ఉండగా, ఆయన పొలంలో పనిచేసే తల్లి ఆయన మనిషికి వ్యతిరేకంగా చెయ్యి ఎత్తలేదు. చీటీలన్నీ ఒకే కాగితంతో, ఒకే కొలతలో కత్తిరించి, బడి ముద్ర వేసి, అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వాలి. చదవలేనివారి కోసం అభ్యర్థి పేరు పక్కన గుర్తు ఉంచాలి. ఖాళీ డబ్బాను అందరికీ చూపించాకే మూత వేయాలి.

ఓట్లు సమానంగా వస్తే లాటరీ తీస్తారా, మళ్లీ ఓటింగు పెడతారా అన్నది పోలింగుకు ముందే మినిట్స్ పుస్తకంలో రాయించాలి.