స్టాల్ పెట్టారు, నగలు కదల్లేదు: తేడా ఎక్కడ కొట్టింది?

చేత్తో చేసిన నగలతో ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టి, సాయంత్రానికి అద్దె డబ్బులు కూడా రాక, తెచ్చిన సరుకంతా మళ్లీ డబ్బాల్లో సర్దుకుంటున్నప్పుడు ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే: నా పని ఎవరికీ నచ్చలేదేమో అని. చాలాసార్లు అసలు సంగతి అది కాదు. నగ నచ్చాలంటే ముందు కంటపడాలి, తర్వాత చేతికి అందాలి, ఆపైన ఒంటిమీద ఎలా ఉందో అద్దంలో కనబడాలి. ఈ దారిలో ఎక్కడో ఒకచోట గిరాకీ జారిపోయింది. ఆ చోటు ఏదో తెలుసుకోకుండా మధ్యాహ్నానికల్లా సగం ధర బోర్డు పెట్టేస్తే అసలుకే ఎసరు.

ముందు ఒక పని చేయండి. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి: ముందు నుంచి నడిచి వెళ్లిపోయినవాళ్లు, ఆగినవాళ్లు, నగను చేతిలోకి తీసుకున్నవాళ్లు, కొన్నవాళ్లు. గంటకోసారి పది నిమిషాలపాటు మనిషికో గీత పెట్టండి. ఏ గడి నుంచి ఏ గడికి వచ్చేసరికి అంకె ఒక్కసారిగా పడిపోయిందో, మీరు సరిచేయాల్సింది అక్కడే. ఈ లెక్క గుర్తుంచుకుందాంలే అనుకుంటే కుదరదు. అలసిపోయాక జ్ఞాపకం మనతో ఆడుకుంటుంది.

సమస్య: అసలు జనమే లేరు

మొదటి గడే ఖాళీగా ఉంటే తప్పు మీ టేబుల్‌ది కాదు. ప్రచారం సరిగా జరగలేదు, లేదా మీకిచ్చిన స్టాల్ ఎవరూ తిరగని మూలన ఉంది. ఆ రోజుకు చేయగలిగింది తక్కువే. దారి పక్కన ఖాళీ స్టాల్ ఏదైనా ఉంటే నిర్వాహకులను అడిగి మారండి. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ గనుక అడిగినవాళ్లకు దొరికే అవకాశం ఉంటుంది.

అసలు పరిష్కారం మళ్లీసారి డబ్బు కట్టకముందు ఉంది. వీలైతే ఆ ఎగ్జిబిషన్‌కు ఒకసారి కొనేవాళ్లలా వెళ్లి తిరగండి. జనం చేతుల్లో సంచులు ఉన్నాయా, తినుబండారాలే ఉన్నాయా చూడండి. నిర్వాహకులను మూడు ప్రశ్నలు అడగండి. నగల స్టాళ్లు మొత్తం ఎన్ని? బయట హోల్‌సేల్‌లో కొని తెచ్చి అమ్మేవాళ్లను రానిస్తారా? పని నమూనాల ఫొటోలు చూసి ఎంపిక చేస్తారా, డబ్బు కట్టిన ప్రతివాళ్లకూ ఇస్తారా? రెండో ప్రశ్నకు నసిగారంటే అక్కడ మీ పక్క టేబుల్ మీద మిషన్‌లో తయారైన దుద్దులు గుట్టగా పోసి ఉంటాయని లెక్కేసుకోవచ్చు.

సమస్య: జనం ఉన్నారు, ఆగట్లేదు

నగల స్టాళ్లలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. కారణం చాలా మామూలుది: ఎత్తు. నిర్వాహకులు ఇచ్చే మడత టేబుల్ దాదాపు 29 లేదా 30 అంగుళాలు ఉంటుంది. దానిమీద గుడ్డ పరిచి నగలన్నీ బల్లపరుపుగా పెడితే నడిచే మనిషికి గుడ్డ కనిపిస్తుంది, నగలు కనిపించవు. ఒక పని చేసి చూడండి. పది అడుగుల దూరం వెళ్లి, ఫోన్‌తో మీ స్టాల్‌ను ఫొటో తీయండి. అందులో మీరు అమ్మేదేమిటో తెలియకపోతే జనానికీ తెలియట్లేదు.

టేబుల్ కాళ్లకు ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడిగితే ఎత్తు 36 నుంచి 40 అంగుళాల దాకా వస్తుంది. పైపు కాలికి బిగుతుగా పట్టాలి, నాలుగు ముక్కలూ ఒకే కొలతలో ఉండాలి. లేకపోతే ఎవరో చెయ్యి ఆనించగానే సరుకంతా నేలపాలు. వెనక వరుసలో ఇంకాస్త ఎత్తున, ఛాతీ నుంచి కళ్ల మట్టం మధ్య, గొలుసులు నిలువుగా వేలాడాలి. అన్నింటికంటే పెద్ద, రంగున్న ముక్క ఒక్కదాన్ని పైన పెట్టండి. అది అమ్ముడుపోకపోయినా ఫరవాలేదు, మనుషులను ఆపితే చాలు.

రెండో కారణం వెలుతురు. హాల్లో పైకప్పు లైట్ల కింద వెండి బూడిదరంగులో కనబడుతుంది. సొంత లైట్లు తీసుకెళ్లండి. వెలుగు రంగును కెల్విన్ అనే కొలతలో బల్బు డబ్బామీద రాస్తారు. బంగారు రంగుకు, రాగికి 3000 కెల్విన్ దగ్గరి పసుపు వెలుగు బాగుంటుంది. వెండికి, నీలం, ఆకుపచ్చ రాళ్లకు 4000 నుంచి 5000 దాకా ఉన్న తెల్ల వెలుగు నప్పుతుంది. రెండూ ఉంటే 4000 దగ్గర రాజీపడొచ్చు. బల్బు డబ్బామీద సీఆర్ఐ అనే అంకె, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పేది, 90 లేదా అంతకంటే ఎక్కువ ఉందో లేదో చూడండి. అది తక్కువైతే ఎరుపు రాళ్లు పాలిపోయినట్టుంటాయి. కరెంటు పాయింటు ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి. ఇవ్వకపోతే ఛార్జింగ్ లైట్లే దిక్కు.

మూడోది కాస్త చేదు. స్టాల్ వెనక కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్ల దగ్గర ఎవరూ ఆగరు. నిలబడలేకపోతే ఎత్తు స్టూల్ తెచ్చుకోండి, మీ కళ్లు వచ్చేవాళ్ల కళ్ల మట్టంలో ఉండాలి. ఇంకా మంచిది, చేతిలో పని పెట్టుకోండి. 20 గేజ్, అంటే దాదాపు 0.8 మిల్లీమీటర్ల తీగ తీసుకుని, గుండ్రటి మొనల పట్టకారుతో చిన్న రింగు వంచి, అందులో పూస వేలాడేలా ఆ రింగు మొదట్లో తీగ చుట్టూ రెండు మూడు చుట్లు బిగించి, మిగిలిన కొసను కత్తిరించి లోపలికి నొక్కేయడం. ఒక నిమిషం పని. పిల్లలు ముందు ఆగుతారు, వాళ్ల వెనక తల్లులు ఆగుతారు. ఇది చేతిపనేనా అని అడిగే అవసరం కూడా ఉండదు.

సమస్య: ఆగి చూస్తున్నారు, ముట్టుకోవట్లేదు

ధర రాసి ఉందా? ధర అడగడమంటే కొనడానికి మాటిచ్చినట్టు భావించేవాళ్లు చాలామంది. అడిగి, ఎక్కువనిపిస్తే వెనక్కి తగ్గడం ఇబ్బంది కాబట్టి అడగకుండానే వెళ్లిపోతారు. ప్రతి ముక్కకూ, లేదా కనీసం ప్రతి ట్రేకూ, కళ్లద్దాలు లేకుండా చదవగలిగే సైజులో ధర ఉండాలి.

తర్వాతిది కిక్కిరిసిన టేబుల్. ఉన్నవన్నీ పరిచేస్తే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియదు. మూడో వంతు సరుకు బయట పెట్టి, మిగతాది టేబుల్ కింద ఉంచి, అమ్మినకొద్దీ నింపండి. గాజు పెట్టెల్లో పెడితే మరీ ఖరీదైన ఒకటి రెండు ముక్కలే పెట్టండి.

ఇక మాట. "ఏం కావాలండీ?" అంటే వచ్చే జవాబు "ఊరికే చూస్తున్నామండీ". దాంతో సంభాషణ అయిపోయింది. "వేసుకుని చూడండి, అద్దం ఇటుంది" అనండి. అద్దం అరచేతంత ఉంటే చాలదు. మెడ, భుజాలు కనిపించేది ఒకటైనా కావాలి, రెండుంటే జనం వరుసలో నిలబడక్కర్లేదు.

సమస్య: వేసుకున్నారు, చూసుకున్నారు, తీసి పెట్టేశారు

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు కొనాలనే వచ్చారు. చేజారడానికి కారణం చాలావరకు డిజైన్ కాదు, అమరిక. గొలుసు 16 అంగుళాలైతే కొందరికి గొంతు దగ్గరే ఆగిపోతుంది, 18 అయితే అదే మనిషికి సరిగ్గా కూర్చుంటుంది. రెండంగుళాల అదనపు గొలుసు ముక్కలు నాలుగైదు, పట్టకారు దగ్గరుంటే అక్కడికక్కడే సరిచేసి ఇవ్వొచ్చు. ఉంగరాలు అమ్మేవాళ్ల దగ్గర సైజు రింగుల గుత్తి లేకపోతే సగం గిరాకీ పోయినట్టే. చెవులు కుట్టించుకోనివాళ్లకు క్లిప్పు దుద్దులు కొన్ని ఉంచండి.

"ఇది పడుతుందా? చెవులు దురద పెడతాయా?" అనే ప్రశ్నకు తడబడితే బేరం అక్కడితో సరి. చెవులకు పడకపోవడానికి ఎక్కువగా కారణం నికెల్ అనే లోహం. మీ కొక్కేలు దేనితో చేసినవో కార్డు మీద రాసిపెట్టండి. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి. గోల్డ్ ఫిల్డ్ అనే రకంలో సాధారణంగా బరువులో ఇరవయ్యో వంతు బంగారు మిశ్రమం పైపొరగా ఉంటుంది, మామూలు పూత దానికంటే చాలా పలచన. టైటానియం, నయోబియం అనే లోహాల కొక్కేలు సున్నితమైన చెవులకు బాగా పడతాయి. ఒక చిన్న ట్రేలో ఇవి పెట్టుకుని, "ఏ దుద్దుకైనా కొక్కెం మార్చి ఇస్తాను" అని రాసి చూడండి. అప్పటిదాకా భయపడి వదిలేసినవాళ్లు వెనక్కి వస్తారు.

సమస్య: "బాగుంది కానీ ధర ఎక్కువ" అంటున్నారు

ఒకరిద్దరు అంటే పట్టించుకోకండి, బేరమాడేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వేసుకుని చూసినవాళ్లలో చాలామంది ట్యాగ్ తిప్పి చూశాకే పెట్టేస్తుంటే అప్పుడు ఆలోచించాలి. అప్పుడైనా ముందు చూడాల్సింది ధరల మధ్య దూరం. అన్నీ ఒకే ధరలో ఉంటే, దానికి సిద్ధపడని మనిషికి మీ దగ్గర కొనడానికేమీ లేదు. త్వరగా తయారయ్యే చిన్న ముక్కలు కొన్ని, మధ్యరకం ఎక్కువ, పెద్దది ఒకటో రెండో ఉండాలి.

ధర కట్టేటప్పుడు సామాను ఖర్చు, మీ గంటల కూలి, అద్దె, ప్రయాణం, ట్యాగులు, పెట్టెలు అన్నీ కలపండి. కూలి వేసుకోకుండా తక్కువకు అమ్మి మురిసిపోయేవాళ్లు తమకే కాదు, పక్కనున్న తోటి పనివాళ్లకూ గిట్టుబాటు కాకుండా చేస్తారు. హోల్‌సేల్ సరుకు అమ్మే పక్క స్టాల్‌తో ధరలో పోటీపడటం మాత్రం వద్దు, ఓడిపోయేది మీరే.

సమస్య: అమ్మకం బాగానే ఉంది, చేతిలో ఏమీ మిగల్లేదు

స్టాల్ అద్దె, ప్రయాణం కలిపి 100 అనుకుందాం. ఒక్కో ముక్కమీద సామాను, కూలి పోగా మీకు 5 మిగిలితే 20 ముక్కలు అమ్మాకే లాభం మొదలవుతుంది. గంటకు రెండు అమ్ముడయ్యే చోట ఎనిమిది గంటలు నిలబడితే 16 అవుతాయి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా అది నష్టపు ఎగ్జిబిషనే. ఈ లెక్క అద్దె కట్టకముందు వేయాలి.

చిన్నవే, కానీ రోజును పాడుచేసేవి

ఆరుబయట గాలికి గొలుసులు పెనవేసుకుంటాయి. స్టాండ్లకు అడుగున బరువు పెట్టండి, టెంటు నాలుగు కాళ్లకూ కట్టండి. అమెథిస్ట్, రోజ్ క్వార్ట్జ్ ఎక్కువ రోజులు ఎండలో ఉంటే రంగు తగ్గుతాయి, ముత్యాలకు వేడి పడదు. నల్లబడిన వెండిని ముందురోజు రాత్రే తుడిచి ఉంచాలి. జనం ఎక్కువైతే ఫోన్ నెట్‌వర్క్ మొరాయిస్తుంది, చిల్లర తప్పక ఉండాలి.

ఇల్లు చేరాక నాలుగు గడుల లెక్కను ఇంతకుముందు ఎగ్జిబిషన్ల లెక్కతో కలిపి చూడండి. అన్నిచోట్లా ఒకే గడి దగ్గర జారుతుంటే సరిచేయాల్సింది మీ స్టాల్‌లోనే ఉంది. ఈసారి దాన్ని ఒక్కదాన్నే మార్చండి, అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్క ఈ ఎగ్జిబిషన్‌లోనే మొదటి గడి ఖాళీగా ఉండి, మిగతాచోట్ల బాగుంటే, వచ్చే ఏడాది ఆ దరఖాస్తు నింపకండి. ఆలోపు, "మళ్లీ వస్తాం" అని కార్డు తీసుకుని నంబరు ఇచ్చి వెళ్లినవాళ్లకు, వాళ్లు చేతిలో పట్టుకుని చూసిన ముక్క ఫొటోనే పంపండి.