ఫాస్టాగ్ తిప్పలు: బరంపురం నుంచి బయల్దేరేవాళ్లకు

ఒడిశాలోని బరంపురంలో ఉండే మన తెలుగువాళ్లకు పెళ్లయినా, ఆస్పత్రి పనయినా ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్లక తప్పదు. దారిలో ఫాస్టాగ్ (అద్దానికి అంటించే టోల్ స్టిక్కర్) పేచీ వస్తే చాలాసార్లు టోల్ గేటు దగ్గర గొడవపడి లాభం లేదు. ఒక్క విషయంలో మాత్రం అక్కడే గట్టిగా అడగాలి.

ట్యాగ్‌లో డబ్బుంది, గేటు లేవట్లేదు

ట్యాగ్ సరిగ్గా ఉండి, బ్యాలెన్స్ ఉండి, వాళ్ల మిషనే పనిచేయకపోతే మనం ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. 2018లో వచ్చిన రూల్ ఇది. సున్నా రూపాయల రసీదు ఇచ్చి బండి వదలాలి. కౌంటర్లో కుర్రాడు "సర్వర్ డౌన్, క్యాష్ ఇచ్చేయండి" అంటే ఆ రసీదు అడగండి. వినకపోతే అక్కడి నుంచే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. వెనక హారన్లు మోగుతాయి, మోగనివ్వండి.

అయితే తప్పు మనవైపు లేదని ముందు చూసుకోవాలి. కేవైసీ (గుర్తింపు వివరాలు ఇవ్వడం) పూర్తికాకపోయినా, బ్యాలెన్స్ అయిపోయినా ట్యాగ్ బ్లాక్‌లిస్టులో పడుతుంది. అద్దానికి అంటించకుండా చేత్తో చూపించేవాళ్ల ట్యాగ్‌కీ అదే గతి. అందుకే ఇంట్లో ఉండగానే యాప్‌లో స్టేటస్ చూసుకోండి. ట్యాగ్ చెల్లకపోతే నగదుకు టోల్ రెట్టింపు, యూపీఐకి 1.25 రెట్లు అని 2025 నవంబరు 15న రూల్ వచ్చింది. అలాంటప్పుడు జేబులో చెయ్యి పెట్టకుండా ఫోన్ తీయడమే నయం.

బండి ఇంట్లో ఉంది, మెసేజ్ వచ్చింది

ట్యాగ్ చదవనప్పుడు గేటు దగ్గర నంబరు చేత్తో కొడతారు. ఒక్క అంకె తప్పితే ఎవరిదో టోల్ మన ఖాతాలో పడుతుంది. మెసేజ్‌లో ప్లాజా పేరు, టైము చూసి, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు పెట్టండి. డబ్బు వెనక్కి ఇప్పించాల్సింది వాళ్లే. 1033కి కూడా చెప్పండి. ఇలా తప్పుగా కోసినందుకు ప్లాజా నడిపేవాళ్లకు ఒక్కో కేసుకు లక్ష రూపాయల జరిమానా వేసిన సందర్భాలున్నాయి, కాబట్టి ఫిర్యాదు ఊరికే పోదు.

తిరుగు ప్రయాణంలో పూర్తి టోల్ కోశారు

24 గంటల్లోపు వెనక్కి వస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లే. లెక్క మొదటిసారి గేటు దాటిన టైము నుంచి. పెళ్లింట్లో ఇంకో పూట ఉండిపోతే ఆ రాయితీ పోయినట్టే.

సెకండ్‌హ్యాండ్ కారుకు కొత్త ట్యాగ్ రావట్లేదు

శ్రీకాకుళంలో కారు కొని ఇక్కడ నడిపేవాళ్లకు ఇది మామూలే. ఒక బండికి ఒకటే ట్యాగ్. పాతది బతికున్నంతవరకు కొత్తది ఇవ్వరు, టోల్ పాత ఓనరు ఖాతాలోంచే పోతుంది. ఆర్సీ కాగితాల మీద సంతకాలు పెట్టే రోజే, అమ్మినాయన ఎదురుగా ఉండగానే ఆ ట్యాగ్ క్లోజ్ చేయించండి. తర్వాత ఆయన ఫోన్ ఎత్తకపోవచ్చు.