పిల్లల పళ్లు: రాత్రి బ్రషింగ్‌ను గాడిలో పెట్టండి

బ్రష్ కుచ్చు విచ్చుకుపోతే మూడు నెలలు నిండకపోయినా మార్చేయండి. 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. చిత్తూరు వైపు బోరు నీళ్లే తాగుతుంటే ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి; లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

బిడ్డ వెనక నిలబడి, గడ్డం పైకెత్తి, వేలితో బుగ్గ పక్కకి లాగి, చిగురు అంచున చిన్న సున్నాలు చుట్టినట్టు రెండు నిమిషాలు తోమండి. ఏడెనిమిదేళ్ల దాకా ఇది పెద్దల పనే.

ఎక్కువగా పుచ్చేది ఆరేళ్లప్పుడు వరస చివర వచ్చే శాశ్వత దవడపన్ను. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి పాలపన్నే అనుకుని వదిలేస్తారు. దాని గుంటల్లోకి బ్రష్‌ను అడ్డంగా పెట్టి తోమాలి.

తోమాక ఉమ్మేస్తే చాలు, పుక్కిలిస్తే ఫ్లోరైడ్ పోతుంది. లడ్డూ, మామిడి తాండ్ర వద్దనక్కర్లేదు, అన్నంతోపాటే పెట్టండి. పడుకునేముందు మాత్రం పాలు కూడా వద్దు.